లైన్ క్లియర్ జకరయ్య

జకరయ్యకి ఈ లోకంలో మనుషులు కనబడరు, నంబర్లే కనబడతాయి. చూపు తక్కువై కాదు. కావలి స్టేషను అవతల సిగ్నలు వాలిందో లేదో హాస్టలు వరండాలో కూర్చుని చెప్పగలడు. కానీ ఎదురుగా నిలబడిన మనిషి చేతిలో నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ లేకపోతే, ఆ మనిషి ఆయన దృష్టిలో లేనట్టే. రెండేళ్ళు తన హాస్టల్లో అన్నం తిన్నవాణ్ణయినా సరే, బిళ్ళ పోయిన మరుక్షణం "ఎవరబ్బాయ్ నువ్వు?" అని అడుగుతాడు. వెటకారానికి అడిగితే హాస్టలు కుర్రాడు హెబ్రోను ఎప్పుడో క్షమించేసేవాడు. ఆయన నిజంగా అడుగుతాడు. అక్కడే వాడి ఒళ్ళు మండేది.

జకరయ్య రైల్వేలో ముప్పై ఏళ్ళు సిగ్నలు కేబిన్‌లో లీవర్లు లాగి రిటైరైన మనిషి. ఆయన సర్వీసంతా ఒంటి లైను మీదే. రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టాలు, అటు నుంచీ ఇటు నుంచీ బండ్లు. డ్రైవరు చేతికి టోకెన్ అందితేనే బండి బయల్దేరాలి. ఆ టోకెన్ ఒకరి చేతిలో ఉన్నంతసేపూ ఇంకోటి బయటికి రాదు. అందుకే బండ్లు గుద్దుకోవు. అందరికీ ఇది రైల్వే రూలు. జకరయ్యకి మాత్రం మోషే కొండ దిగేటప్పుడు మరిచిపోయి వచ్చిన పదకొండో ఆజ్ఞ. "టోకెన్ లేకుండా బండి కదలదు" అనేది ఆయన పొద్దున లేస్తూనే చెప్పే మొదటి మాట. ప్రార్థన దాని తర్వాతే.

పంతొమ్మిదొందల అరవై మూడులో చర్చి కమిటీ వాళ్ళు ఈయన్ని తెచ్చి కావలిలో క్రైస్తవ విద్యార్థుల హాస్టలుకి మేనేజర్ని చేశారు. అంతకుముందు అక్కడ పెద్ద గందరగోళం. కొత్తగా చేరినవాడికి మంచం దొరికేసరికి నాలుగు రోజులు, పళ్ళెం దొరికేసరికి వారం. చదువు మానేసి పెళ్ళి చేసుకుని బిడ్డను కన్నవాడి పేరు మీద మాత్రం వంటింట్లో ఎసట్లో బియ్యం పడుతూనే ఉండేవి. ఆ అన్నం ఎవరో తింటూనే ఉండేవాళ్ళు.

జకరయ్య ఇది చూసి తల పట్టుకోలేదు. పాత ఇనుము వేలంలో లీవర్లు, సిగ్నలు తీగలు, కప్పీలు, ఇనప గుండ్లు బండి నిండా వేయించుకొచ్చాడు. ముందుగదిలో నలభై చిన్న లీవర్లు వరసగా బిగించాడు. నంబరుకొక లీవరు. కుర్రాడు చేరగానే వాడి ఇత్తడి బిళ్ళ రంధ్రంలో పెట్టి లీవరు లాగితే, గోడకి మడిచిన మంచం గొళ్ళెం ఊడుతుంది, భోజనాల గదిలో అదే నంబరు పళ్ళెం అటక మీంచి కిందికి దిగుతుంది, లాంతరు పెట్టె మూత లేస్తుంది. అన్నీ ఒక్క లాగుడుతో. బిళ్ళ మళ్ళీ వాడి చేతికే. కుర్రాడు వెళ్ళిపోయేటప్పుడు దాన్ని తీసుకుని లీవరు నెడితే అన్నీ ఒక్క నెట్టుతో బందు.

ఒక షరతు ఉంది. వాడి పళ్ళెం కడిగి కొక్కేనికి తగిలిస్తే తప్ప ఆ లీవరు వెనక్కి కదలదు. పళ్ళెం చేతిలో ఉన్నవాణ్ణి బయటికి నెట్టడం జకరయ్య దృష్టిలో లైను మీద బండి ఉండగా పట్టాలు మార్చడమే. నలభై లీవర్ల చివర ఇంకొకటి, తెల్ల రంగు వేసినది ఉండేది. "అది స్పేరు. రైల్వేలో పనిలేని లీవరుకి తెల్లరంగు. తాకబాకండి" అనేవాడు.

కమిటీ ప్రెసిడెంటు, నెల్లూరు ప్లీడరు క్రీస్తురాజుగారు ఈ యంత్రం చూసి పొంగిపోయి కొత్త రూలు రాసి సంతకం పెట్టారు: కాలేజీలో పేరు కొట్టేసిన రోజే హాస్టల్లోనూ కొట్టెయ్యాలి, నంబరు లేనివాడికి మెతుకు పెట్టకూడదు.

ఇంకేముంది. పాస్టరుగారు ఒక ఆదివారం ఆరాధన ముగించి భోజనానికి కూర్చున్నారు. అందరి ముందూ పళ్ళేలు దిగాయి, ఆయన ముందు దిగలేదు.

"నంబరెంత అయ్యగారూ?" అన్నాడు జకరయ్య.

"నేను పాస్టర్నయ్యా."

"మద్రాసు మెయిలు డ్రైవరు కూడా అంతేనండీ. నేను మెయిలయ్యా అనేవాడు. నిలబెట్టేసేవాణ్ణి."

పాస్టరుగారు ఆ పూట ఉపవాసముండి, సాయంత్రం ప్రసంగం క్షమాపణ మీద చేశారు.

ఇంట్లో భార్య రెబెక్కమ్మకీ విముక్తి లేదు. హాస్టలు వంట ఆమె చేతి కిందే జరిగేది. కాఫీ వేళకి ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి గరిటె పట్టుకోవాలి. గరిటె అడ్డంగా ఉంటే ఆగమని, వాలిస్తే రమ్మని. ఒకరోజు ఆమె గరిటె అడ్డంగా పట్టుకునే పొరుగింటావిడతో మాటల్లో పడింది. ఈయన వాకిట్లో ఎండలో నిలబడే ఉన్నాడు. కాఫీ చల్లారింది, ఈయన వేడెక్కాడు.

ఇంకోసారి మేక ఒకటి వచ్చి పెరట్లో తీగకి ఒళ్ళు రుద్దుకుంది. పరీక్షల కోసం పిలకాయలంతా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే అటక మీది పళ్ళేలన్నీ ఒక్కసారిగా దబదబా దిగాయి. ప్రభువు రెండో రాకడే వచ్చిందని ఒకడు బల్ల కింద దూరాడు. జకరయ్య మాత్రం మేక దగ్గరికి పోయి, మెడలో బిళ్ళ ఉందేమోనని వెతికాడు.

హెబ్రోను పదిహేడో నంబరు. తండ్రి తుమ్మలపెంటలో బడి పంతులు. వాడి దగ్గర లేనిది ఒక్కటే, నోటికి తాళం. చరిత్ర పాఠం చెప్పే లెక్చరరుతో క్లాసులోనే అన్నాడు: "సార్, ఈ నోట్సు మా అన్న చదివేటప్పుడు పసుపురంగు. ఇప్పుడు గోధుమరంగు. మారింది అదొక్కటే."

ప్రిన్సిపాలు క్షమాపణ చెప్పమన్నారు. నిజం చెప్పినందుకు క్షమాపణ ఏంది అన్నాడు హెబ్రోను. పేరు కొట్టేశారు. వాడికి దాని మీద పెద్ద బెంగ లేదు. వచ్చే నెలలో బిట్రగుంట లోకో షెడ్డులో కుర్రాళ్ళని తీసుకుంటున్నారు. చిన్నప్పట్నించీ వాడికి ఇంజను పిచ్చి. కానీ అప్పటిదాకా కావలిలో తలదాచుకోవాలి. ఇంటికి పోతే తండ్రి చెవి పట్టుకుని ఆ లెక్చరరు గుమ్మంలో మోకాళ్ళ మీద నిలబెడతాడు. మళ్ళీ ఆ గోధుమరంగు కాగితాలే. ఇంజను అక్కడితో సరి.

హాస్టలుకి వచ్చేసరికి జకరయ్య చెయ్యి చాపి ఉన్నాడు.

"బిళ్ళ."

"ఏం బిళ్ళ?"

"కాలేజీ నుంచి కబురొచ్చింది. పదిహేడు ఖాళీ."

"ఖాళీ ఏందండీ, ఎదురుగా నిలబడి ఉంటే?"

"నువ్వు నిలబడుండావు. పదిహేడు ఖాళీ."

"నెల రోజులు ఉండనీండి. బిట్రగుంటలో సెలక్షనుంది. ఇల్లు రాసియ్యమనలేదు గదా మిమ్మల్ని."

జకరయ్య మొహం చిట్లించాడు. "లోకో షెడ్డా? అంటే డ్రైవరవతావా?"

"ముందు బొగ్గేస్తా. తర్వాత డ్రైవరే."

"నా సర్వీసంతా టోకెన్ కోసం నా మీద కేకలెయ్యని డ్రైవరు లేడు. ఇయ్యి బిళ్ళ."

లీవరు నెట్టాడు. లోపల మంచం గొళ్ళెం టక్కుమంది. పదిహేడో పళ్ళెం గరగరా అటకెక్కింది. లాంతరు పెట్టె మూత పడింది. మనిషి తుమ్మడానికి కూడా అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

"ఇప్పుడు చెప్పబ్బాయ్," అన్నాడు జకరయ్య మర్యాదగా. "ఎవరు కావాల నీకు?"

హెబ్రోను ట్రంకుపెట్టె వరండాలోనే వదిలేసి స్టేషనుకి పోయి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని కోపంతో ఉడికాడు. పరిచయం, మానం, మర్యాద ఏమీ లేవా? జ్వరమొచ్చినప్పుడు ఈ మనిషే గదా జావ తెచ్చి పెట్టింది? అప్పుడు కూడా తెచ్చింది హెబ్రోనుకి కాదన్నమాట, పదిహేడుకి. ఇనప గుండ్లకి తీగ కట్టి వేలాడదీసి దాన్ని బుద్ధి అంటాడు. దేవుడు ఆదాముకి ప్రాణం పోశాడు గానీ బిళ్ళ ఇవ్వలేదు గదా.

మధ్యాహ్నం దాటాక, ఆరేసిన చొక్కా గుర్తొచ్చి హాస్టలు పెరటి వైపు నుంచి వెళ్ళాడు. వంటింటి గోడకి ఒక చిన్న కిటికీ ఉంది. ఎప్పుడూ చెక్కపలక దించి ఉండేది. ఇప్పుడు పలక పైకి లేచి ఉంది. లోపల రెబెక్కమ్మ. ఆమె చేతిలో గరిటె, వాలి ఉంది.

"కూర్చో నాయనా," అని నంబరు లేని పళ్ళెంలో అన్నం పెట్టింది.

"ఎవరు పెట్టమన్నారమ్మా?"

"ఈ పలక లేస్తే పెట్టాలని నాకు ఆర్డరు. ఎవరికి, ఎందుకు అని అడిగే పని నాది కాదు."

"ఎవరి ఆర్డరు?"

"నీకు ఆకలా, విచారణా?"

ఆకలే. తిన్నాడు. పక్కనే పాత దీపాల కొట్టుగది తలుపు గడియ కూడా ఊడి ఉంది, లోపల నులకమంచం. "తిన్నాక పళ్ళెం కడిగి ఆ కొక్కేనికి తగిలించు. అది తప్ప ఇక్కడ వేరే రూలు లేదు," అంది ఆమె.

రోజులు అలాగే గడిచాయి. హెబ్రోను రెండు పూటలా ఆమె చేతి అన్నం తింటూ ఆమె మొగుణ్ణి తిట్టేవాడు.

"ఆయనకి గుండెకాయ ఉండాల్సిన చోట ఇనప గుండు వేలాడదీసినారమ్మా."

"అట్టనా?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేది.

"ఈ సంగతి తెలిస్తే మిమ్మల్ని కూడా అటకెక్కిస్తాడు."

ఆమెకి ఇంకా దగ్గొచ్చేది. పెరట్లో జకరయ్య ఎదురుపడితే ఆయన చూపు హెబ్రోనులోంచి దూరి అవతలి గోడ మీద పడేది. ఒకసారి నీళ్ళ బిందె మోస్తూ దారిలో నిలబడితే, బిందెకి మాత్రం పక్కకి తప్పుకున్నాడు.

సెలక్షను ఇంకా వారం ఉందనగా, హెబ్రోను సగం అన్నంలో ఉండగా ముందుగదిలోంచి కొత్త గొంతు వినిపించింది. క్రీస్తురాజుగారు తనిఖీకి వచ్చారు. హెబ్రోను పళ్ళెంతో సహా లేచాడు. ఇదే సమయం. మనిషిని తుడిచేసే యంత్రం గురించి ప్రెసిడెంటు మొహానే చెప్పెయ్యాలి. ఆ తర్వాత ఏమైనా కానీ. ముందుగది పక్క కిటికీ దాకా వచ్చి ఊచల్లోంచి తొంగి చూశాడు.

"నంబరు లేనోళ్ళు ఇక్కడ తింటున్నారని నాకు కబురొచ్చింది జకరయ్యా," అంటున్నారు క్రీస్తురాజుగారు. "వాడెవడో దొరికితే ఇప్పుడే గెంటిస్తా. ఈ తెల్లది ఏంది?"

"స్పేరు సార్. పనిలేనిది."

"పనిలేనిది లాగి ఎందుకుండాది?"

"తుప్పు సార్. అట్టనే బిగుసుకుపోయింది."

క్రీస్తురాజుగారు ప్లీడరు. కోర్టులో తుప్పు అనే సాక్ష్యం ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. కోటు విప్పి లీవరు పట్టుకుని నెట్టారు. అది కదల్లేదు.

హెబ్రోను నోరు తెరిచాడు. అప్పుడు తెల్ల లీవరు కింద నుంచి పోతున్న తీగ వాడి కంట పడింది. గోడ మొదట్లో పాకి, కన్నంలోంచి బయటికొచ్చి, తన కాళ్ళ పక్కనే వంటింటి వైపు పోతోంది. వాడు తీగను చూశాడు. కొక్కెం వైపు చూశాడు. తన చేతిలో పళ్ళెం చూశాడు.

పళ్ళెం తగిలిస్తే లీవరు కదులుతుంది. కదిలితే వంటింటి పలక దభేలున పడుతుంది. పడితే ప్లీడరుకి అంతా తెలుస్తుంది.

వెనక్కి తిరిగాడు. వంటింటి గుమ్మంలో రెబెక్కమ్మ గరిటె అడ్డంగా పట్టుకుని నిలబడి ఉంది.

హెబ్రోను ఆగాడు. పుట్టినప్పట్నించీ చెయ్యని పని చేశాడు, నోరు మూసుకున్నాడు. నోట్లో ముద్ద ఉంది, నమలడానికి కూడా జంకి అలాగే పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. లోపల ప్రెసిడెంటుగారు చేత్తో నెట్టారు, భుజంతో నెట్టారు, చివరికి కాలు పెట్టి తోశారు. జకరయ్య పక్కన నిలబడి "తుప్పు సార్, తుప్పు" అని తాళం వేశాడు.

"సరే, చావనీ," అన్నారు ఆయన చెమట తుడుచుకుంటూ. "భోజనం పెట్టించు. నెల్లూరు బండి సాయంత్రం గాని లేదు."

"నంబరు సార్?"

"నాకు నంబరేందయ్యా?"

"రూలు తమరిదే సార్. కింద సంతకం కూడా తమరిదే."

"నేను ప్రెసిడెంటుని."

"టోకెన్ లేకుండా బండి కదలదు సార్."

క్రీస్తురాజుగారు కోటు భుజాన వేసుకుని, మొహం కడుక్కుందామని బావి కోసం పెరట్లోకి వచ్చారు. అక్కడ ఎంగిలి పళ్ళెంతో హెబ్రోను ఎదురయ్యాడు.

"నువ్వెవరబ్బాయ్?"

"నంబరు లేనోణ్ణి సార్," అన్నాడు హెబ్రోను ముద్ద మింగి. "తమరి మాదిరే."

ప్లీడరు కళ్ళు పైకి లేచిన పలక మీదికి పోయాయి, పళ్ళెం మీదికి పోయాయి, తీగ మీదికి పోయాయి. ఏదో అనబోయారు. సరిగ్గా అప్పుడే రెబెక్కమ్మ గరిటె వాలింది.

"రండయ్యా. చేపల పులుసు. నిన్నటిది, ఈ పూటకి బాగా ఊరుంటాది."

నిన్నటి చేపల పులుసు ముందు నెల్లూరు మనిషి ఎంతసేపు నిలబడగలడు? హెబ్రోను పళ్ళెం కడిగి ఆయన చేతికిచ్చాడు. క్రీస్తురాజుగారు దీపాల కొట్టు మెట్టు మీద కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. మూడోసారి ఆమే పెట్టింది.

"ఈ పలక ఎవరు లేపుతారమ్మా?"

"ఏమోనయ్యా. లేస్తాది, పెడతా."

ఆయన వేళ్ళు నాకి, పళ్ళెం తనే కడిగి, కొక్కేనికి మాత్రం తగిలించకుండా హెబ్రోనుకిచ్చారు. పోయేటప్పుడు ముందుగది గుమ్మంలో ఆగారు.

"జకరయ్యా, ఆ తెల్ల లీవరు."

"సార్."

"నూనె గీనె పొయ్యబాక. తుప్పు తుప్పుగానే ఉండనీ."

ఆయన జట్కా మలుపు తిరిగాక హెబ్రోను పళ్ళెం కొక్కేనికి తగిలించి ముందుగదిలోకి వచ్చాడు.

"మీరేనా?" అన్నాడు.

"ఎవరబ్బాయ్ నువ్వు?"

"ఇంకా ఎవరేందండీ?"

"నంబరు లేనోళ్ళతో నాకు మాటల్లేవు," అన్నాడు జకరయ్య గోడకేసి చూస్తూ. "పళ్ళెం తగిలించినావా?"

"తగిలించినా."

"రేపు డ్రైవరైనాక టోకెన్ తీసుకోకుండా కావలి దాటినావని తెలిస్తే, పట్టాల మీదికొచ్చి ఎర్రజెండా ఊపుతా. రిటైరైనానని గూడా చూడను."

అని, ప్రెసిడెంటుగారు కాలు పెట్టి తోసినా కదలని తెల్ల లీవర్ని చిటికెనవేలితో వెనక్కి నెట్టాడు. పెరట్లో పలక మెత్తగా పడింది. రాత్రి భోజనానికి ఇంకా చాలా వేళ ఉంది. అయినా ఎందుకైనా మంచిదని అదే వేలితో మళ్ళీ లాగి పెట్టాడు.