కోచ్ కట్టుకున్న ఏప్రాన్

మా యార్క్‌షైర్ ఊరి రగ్బీ లీగ్ జట్టుకి కోచ్ స్టాన్లీ థ్యూలిస్. ఆటగాడు నోరు జారినా, ఎవరిమీదైనా చెయ్యి చేసుకున్నా ఆ తర్వాతి ఆటలో చోటివ్వడు. పైగా ఆ రోజు వాడు మైదానం పక్కనున్న నా కొట్లో ఏప్రాన్ కట్టుకుని మాంసం కూరిన పైలు అమ్మాలి. రిఫరీని తిట్టాడని మా మేటి ఆటగాడు నెవిల్‌ని సెమీఫైనల్ రోజునే అలా నిలబెట్టాడు. ఓడిపోయాం. నా పైలు మింగుతూనే ఆయన్ని తిట్టిపోశారు, సిగ్గులేని జనం!

కొత్త సీజన్ మొదటి ఆటలో థ్యూలిసే, "కళ్ళు పోయాయా నీకు?" అంటూ రిఫరీ మీద అరిచాడు. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి ఆట రోజు పొద్దున్నే నా కొట్టుకొచ్చాడు.

"ఏప్రాన్ ఇటివ్వు, బెరిల్."

"మరి జట్టునెవరు చూస్తారయ్యా?"

"ఎవరో ఒకరు చూస్తార్లే. ఇవాళ నాకు చోటు లేదు."

జనం ఎగతాళి చేస్తున్నా తలొంచుకుని పైల మీద గ్రేవీ పోస్తూనే ఉన్నాడు. ఆట అయ్యాక నెవిల్ ఒంటినిండా బురదతో, అందరినీ తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"సార్, గెలిచాం!"

థ్యూలిస్ తలెత్తలేదు.

"వరసలో రా."

నెవిల్ వెళ్ళి అందరికంటే వెనక నిలబడ్డాడు.