పులుపు మానిన లక్ష్మీనర్సయ్య

కుడిచేయి గుండెమీద పెట్టుకొని, అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ వ్యాసంలో ప్రతి మాటా సత్యం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెం బజార్లలో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం చదివి నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

కోదాడలో పూటకూటిల్లు నడిపిన లక్ష్మీనర్సయ్య గారు పరమపదించారు. మిర్యాలగూడెంలో వడ్ల బేరం మధ్యన ఉండగా వార్త అందింది. ముందురోజు సాయంత్రమే ఆయన పక్కన కూర్చొని వచ్చినవాణ్ణి. చూడడానికి తీసుకున్న వడ్లు పిడికిట్లోనే ఉండిపోయినవి.  నాకు మాట రాలేదంటే వడ్ల దలాలులెవరూ నమ్మలేదు.

ఆయన అన్నదాత, ఆర్ద్రహృదయుడు. అంతకుమించి, ఒంటరిగా భుజించలేని మనిషి. చివరి బంతిలో ఎవరు కూర్చుంటే వారి పక్కనే విస్తరి వేసుకునేవారు. బండి తోలేవాడైనా సరే, ఠాణా అమీను సాబైనా సరే. "ఒక్కణ్ణే కూసుంటే ముద్ద గొంతు దిగదు తమ్మీ" అనేవారు. పెళ్లీ పెటాకులూ లేని నేను తరచూ చివరి బంతికే చేరేవాణ్ణి. సొరకాయ తొలిచి గరిడేపల్లివాళ్లు వాగు దాటిన వృత్తాంతం ఆ బంతిలో చెప్పిందే. ఆయన అంతా విని, "సొరకాయల ఎంతమంది పట్టిన్రు?" అని అడిగారు. ఎనమండుగురన్నాను. "తగ్గించి చెప్తున్నవ్. నామోషీ ఎందుకు, పది మందిని ఎక్కియ్యి" అన్నారు. అటువంటి శ్రోత ఎవరికి దొరుకుతాడు?

రెండేళ్ల కిందట ఆయన ముఖం ఉబ్బింది. ఊరికే కూర్చున్నా పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా ఊపిరి తీసేవారు. ఉబ్బసమన్నారంతా. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఛాతీ విని, మూత్రాన్ని దీపం మీద కాచి చూశాడు.

"ఉబ్బసం కాదు. మూత్రపిండాలు చెడినయ్. ఒంట్ల పుట్టే ఆమ్లం బయటికి పోతలేదు, నెత్తురు పుల్లగైతున్నది. ఆ పులుపును ఊదెయ్యనీకే ఊపిరి గిట్ల కష్టపడుతున్నది" అని సోడాపొడి ఇచ్చి, నీళ్లలో కలిపి తాగమన్నాడు.

నెత్తురు పుల్లబడిందన్న మాట ఆయన అక్క సత్తెమ్మకు చేరింది. వంటిల్లు ఆమె రాజ్యం. తమ్ముడికి ఆనాటినుండి చింతపండు, మజ్జిగ, మామిడికాయ బంద్. బలానికని మూడు పూటలా ముద్దపప్పు. పులుసు వాసన తగిలితే మనసు లాగుతుందని వెనక గదిలో వేరే విస్తరి.

"అక్కా, ఒక్క చుక్క పులుసు."

"చుక్కా లేదు, గిక్కా లేదు. నా కండ్ల ముంగట నువ్వు పోతే నేనెవనికి వండాలె?"

చివరి బంతిలో నేను, గోడ అవతల ఆయన. పులుసు నాకూ రుచించలేదు. కథ చెబితే అవతలనుండి ఊపిరి చప్పుడు మాత్రమే బదులు వచ్చేది.

ఆయన రోజురోజుకూ క్షీణించారు. ఈసారి సత్తెమ్మను కూడా వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు పోయాను. ఆమె తాను పెట్టే పత్యమంతా గర్వంగా వినిపించింది. డాక్టరు తల పట్టుకున్నాడు.

"అమ్మా, నాలిక మీది పులుపు వేరు, నెత్తుర్ల పులుపు వేరు. చింతపండుతోని నెత్తురు పుల్లబడదు. బలానికని నువ్వు పెట్టే పప్పే లోపల ఆమ్లమైతది. పప్పు తగ్గియ్యి, కూరగాయలు పెట్టు, ఉప్పు జర సూసి వెయ్యి. సోడా మానొద్దు."

"నయమైతదా సారూ?"

"గది నా చేతుల లేదమ్మా. ఆయాసం తగ్గుతది. మూత్రపిండాలల్ల మిగిలిన సత్తువ ఇంకొన్నాళ్లు నడవొచ్చు."

 ఇంటికి చేరి సత్తెమ్మ తానే బంతిలో తమ్ముడి విస్తరి వేసి, పులుసు వడ్డించింది. ఆయాసం నెమ్మదించి, ఏడాదికి పైగా ఆయన మా మధ్య కూర్చున్నారు. ఆ ఏడాది నేను చెప్పినన్ని అబద్ధాలు జన్మలో చెప్పలేదు.

తరువాత సోడా కూడా పనిచేయని దశ వచ్చింది. చివరి సాయంత్రం ఆయన మంచం దిగలేదు. నా విస్తరి ఆ గదిలోకే తెచ్చుకొని, మోతె ఊళ్లో బస్సుకన్నా ముందే వచ్చి నిలబడే బర్రె సంగతి, టికెట్టడిగితే అది కొమ్ము చూపిన సంగతి చెప్పాను. ఆయన పకపక నవ్వారు. ఆ నవ్వు చెవిలో పెట్టుకొనే బండెక్కాను.

ఆ మహనీయునికి నా అశ్రునివాళి. ఆయన లేని లోటు తీరదు. పూటకూటిల్లు ఇప్పుడూ నడుస్తున్నది. సత్తెమ్మ పులుసు ఇప్పటికీ అమృతమే. చివరి బంతిలో కూర్చుంటాను. కథ ఎత్తుకోబోయి, మంచినీళ్లడిగి ఊరుకుంటాను.

ప్రమాణం చేశాను కనుక ఒకటి ఒప్పుకోవాలి. డాక్టరు మాటలు నిజం. ముద్దపప్పు నిజం. బర్రె కూడా దాదాపు నిజమే. ఆ నవ్వు మాత్రం నేను కల్పించాను. నవ్వడానికి ఆయన దగ్గర ఊపిరి మిగల్లేదు. కథ అయిపోయేదాకా నా ముఖం వైపే చూస్తూ ఉన్నారు, అంతే.