మావయ్య నవ్విన బొమ్మ

పోయిన నెల బందరులో, ఒక ఫంక్షన్ హాల్లో తెల్లటి తెర కట్టి వేసిన చిన్న సినిమా ఒకటి చూసి వచ్చాను. అప్పటినుంచీ మనసు మనసులో లేదు. సినిమా బాగాలేక కాదు, బాగుండబట్టే ఈ అవస్థ. తీసింది మా బావ కూతురు. పేరున్న నటులు లేరు, పాటలు లేవు, వెనక ఏ కంపెనీ అండా లేదు. తనూ తన స్నేహితులూ ఉద్యోగాలకి సెలవులు పెట్టుకుని, గుడివాడ బస్టాండులో కొంతా, గిలకలదిండి రేవులో కొంతా, బందరులోనే ఒక అద్దె గదిలో మిగతాదీ తీసి ముగించారు. సినిమాకి కథలు రాసుకుని ఒక్క ఛాన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఇద్దరు కుర్రాళ్ళ అగచాట్లే కథంతా. ఇద్దరికీ కలిపి ఒకటే మంచి చొక్కా. ఎవరు కథ చెప్పాలో వాడు అది తొడుక్కుంటాడు, రెండోవాడు మోచేతుల దగ్గర చిరుగులు కనబడకుండా చేతులు కట్టుకుని వెనక కూర్చుంటాడు. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ చొక్కా నిజానికి నాదీ మా బావదీ కనక నేను అందరికంటే ఒక పాలు ఎక్కువే నవ్వాను.

తీరా నిర్మాత దగ్గర కథ చెప్పే ఘట్టం వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోయింది. ఎందుకాగిందో చెప్పుకోవాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి, నాకు వెళ్ళాలని లేని చోటికి.

బావ అంటున్నానే గాని మాకు చుట్టరికమేమీ లేదు. బందరు కాలేజీలో చదివే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో పడ్డాం, వారం తిరక్కుండానే బావా అంటే బావా అనుకున్నాం, అంతే. నాది గుడివాడ, మా నాన్నగారికి బట్టల కొట్టు. అతనిది దివిసీమలో, అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్తే సముద్రానికి దగ్గర్లో ఒక పల్లె. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సినిమా చూసొచ్చినవాడు చూడనివాళ్ళకి కథ చెప్పడం ఒక పెద్ద విద్య, పాటలకి దరువుతో సహా చెప్పాలి. ఆ విద్యలో నన్ను మించినవాడు హాస్టల్లో లేడు. అసలు సినిమా కంటే నేను చెప్పిన సినిమాయే బాగుందనేవారు, ఆ మాట నా తలకెక్కిందని వేరే చెప్పక్కర్లేదు. బావ తీరు నాకు పూర్తిగా విరుద్ధం. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి, కాని కలం పట్టుకుంటే మనుషులు కాగితం మీదనుంచి లేచి వచ్చి పక్కన కూర్చునేవారు. అతను రాయాలి, నేను చెప్పాలి, ఇద్దరం మద్రాసు వెళ్ళి పెద్దవాళ్ళమైపోవాలి అని అనుకోవడానికి మాకు అంతకంటే ఏం కావాలి?

దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మేమిద్దరం హాస్టల్లోనే ఉన్నాం. దాని గురించి మన వైపువాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది? మూడో రోజుకి గాని బావకి ఊరు చేరడానికి దారి దొరకలేదు. అమ్మా నాన్నా మిగిలారు, చెల్లెలు మిగల్లేదు. తాటిచెట్టుని పట్టుకుని వేలాడిన తండ్రి చేతిలోంచి ఆ పిల్ల చెయ్యి జారిపోయిందట.

ఆయన్ని నేను మావయ్య గారూ అనేవాణ్ణి. మరుసటి ఏడు దసరా సెలవులకి బావ వెంట వాళ్ళింటికి వెళ్ళాను. పాత ఇల్లు కొట్టుకుపోతే కొత్తగా కట్టించిన రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వసారా. మిట్టమధ్యాహ్నం తూర్పున నల్లగా మబ్బు లేచింది. చేలోంచి గబగబా వచ్చిన మావయ్య గారు కొక్కేనికి వేలాడుతున్న లావుపాటి తాడు తీసి, నన్ను వసారా స్తంభం దగ్గర కూర్చోబెట్టి నా నడుముకి చుట్టి కట్టారు. నేను బిత్తరపోయి చూస్తుంటే, "పరాయి పిల్లాడు, ముందు ఇతనికి కట్టాలి. వాళ్ళమ్మకి నేను జవాబు చెప్పుకోవాలి" అన్నారు, నాతో కాదు, తాడుతో అన్నట్టుగా. నా తరవాత బావకీ, ఆ తరవాత అత్తయ్య గారికీ, ఆఖర్న తనకీ కట్టుకున్నారు. అత్తయ్య గారికి మాత్రం పొయ్యి దాకా అందేటట్టు తాడు వదిలారు, ఆవిడ నడుముకి తాడుతోనే వచ్చి మాకు అన్నం వడ్డించింది. చిన్న జల్లు పడి వెలిసిపోయింది. ఆయన ముళ్ళు విప్పి, తాడు చుట్టచుట్టి కొక్కేనికి తగిలించి మళ్ళీ చేలోకి వెళ్ళిపోయారు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎందుకు కట్టారో నాకు తెలుసు, తరవాత నేను చేసిన పని తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

చదువైపోయాక మద్రాసు చేరాం. ఇడ్లీలు పంచుకోవడం, చొక్కా పంచుకోవడం, రేపు రమ్మంటే రేపూ ఎల్లుండీ కూడా వెళ్ళడం, ఇవన్నీ బావ కూతురి సినిమాలో నేను చెప్పగలిగిన దానికంటే బాగా ఉన్నాయి. రెండేళ్ళకి ఒక నిర్మాత గారు గంట సేపు కథ వింటానన్నారు. బావ రాసిన కథ బంగారం లాంటిది. పొలం గట్టు కోసం ఏళ్ళ తరబడి కోర్టుకెక్కిన అన్నదమ్ముల మీదికి సముద్రం వస్తుంది, పోతూ పోతూ ఆ గట్టునే తుడిచిపెట్టుకు పోతుంది, మర్నాడు ఇద్దరూ ఇసుక మేటలో నిలబడి ఎవరి పొలం ఎక్కడో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మంచి చొక్కా ఆ రోజు నా ఒంటి మీద ఉంది. బావ ఫైలు ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని నా వెనక కూర్చున్నాడు.

పావుగంటకి నిర్మాత గారు ఆవులించారు. అరగంటకి గడియారం చూసుకుని కిళ్ళీల పెట్టె దగ్గరికి లాక్కున్నారు. రెండేళ్ళ తిరుగుడు ఆ ఆవులింతలో కలిసిపోతోందని అర్థమైంది. అప్పుడు, ఆ ఊళ్ళో ఒక పెద్దాయన ఉంటాడండీ, మబ్బు కనబడితే చాలు ఇంటిల్లిపాదినీ స్తంభానికి కట్టేస్తాడండీ, అన్నాను. ఆయన తలెత్తారు. అంతే, ఇక నన్ను ఆపేవాడు లేడు. బావ భుజం మీది తువ్వాలు లాగి తాడు చేశాను. పొయ్యి దాకా అందే తాడుతో వంట చేసే భార్య, చుట్టపుచూపుగా వచ్చి ఇరుక్కుపోయిన అతిథి, గడ్డం సగం గీశాక మబ్బు పట్టడంతో కత్తితో సహా కట్టుబడిపోయిన మంగలి, ఒక్కొక్కరినీ నిలబెట్టాను. మావయ్య గారి నడక నడిచాను, ఆయన గొంతుతో, వాళ్ళమ్మకి నేను జవాబు చెప్పుకోవాలి, అన్నాను. నిర్మాత గారు నవ్వీ నవ్వీ పొలమారారు. అన్నదమ్ముల కథ పక్కన పెట్టమన్నారు. సగం తీసిన సినిమా ఒకటి హాస్యం లేక చప్పబడి ఉంది, ఈ పెద్దాయన మీద నాలుగు సీన్లు కామెడీ ట్రాక్ రాసిమ్మన్నారు. తన పెట్టెలోంచి కిళ్ళీ తీసి స్వయంగా నా చేతికిచ్చారు.

చాలా దూరం నడిచాక బావ ఒక్క మాట అన్నాడు.

"ఆ తాడు ఎందుకో కూడా చెప్పాల్సింది రా."

"చెప్తే నవ్వరు బావా" అన్నాను నేను, కిళ్ళీ బుగ్గన పెట్టుకుని.

అమ్మకి ఒంట్లో బాగా లేదని చెప్పి పదిహేను రోజులకి బావ వెళ్ళిపోయాడు. గిలకలదిండిలో ఐస్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడని తరవాత తెలిసింది. నాలుగు సీన్లూ నేనొక్కణ్ణే రాశాను. సినిమా ఆడింది, ఆ ముసలి వేషానికి జనం విరగబడ్డారు. తెర మీద మాత్రం నా పేరు వెయ్యలేదు. అప్పుడు నన్ను బాధించింది అదొక్కటే. పేరు లేకపోతే ఎవరికి తెలుస్తుందని ఒక కట్ట పోస్టు కార్డులు కొని, చిరునామాల పుస్తకం ముందు పెట్టుకుని, ఫలానా సినిమాలో ఆ తాడు ముసలాయన ట్రాక్ రాసింది నేనేనని అందరికీ వరసగా రాసి పడేశాను. ఆ వరసలో మావయ్య గారి చిరునామా కూడా ఉంది. చెయ్యి ఆగలేదు.

తరవాత కొద్ది నెలలకే బావ పెళ్ళి, కూచిపూడికి దగ్గర్లో ఆడపెళ్ళివారి ఊళ్ళో. బంతిలో మావయ్య గారు వచ్చి నా పక్క ఆకు ముందు కూర్చున్నారు. అన్నం కలుపుకుంటూ, ఎటో చూస్తూ, నెమ్మదిగా చెప్పారు.

"నీ కార్డు అందింది బాబూ. మా వాడి స్నేహితుడు రాసిన బొమ్మని వియ్యంకుడు గారిని కూడా వెంటబెట్టుకెళ్ళి చూశాను. ఆయన పక్కన కూర్చుని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అది నేనేనని తెలిసిపోద్ది గదా."

కోపంగా అన్నా బాగుండేది. ఆయన ఆ మాట అని, వడ్డించేవాళ్ళని పిలిచి నా ఆకులో ఇంకో గరిటె పెరుగు వెయ్యమన్నారు. నేను ఆ పెరుగన్నం తిన్నాను. క్షమించమని ఆ పూటా అడగలేదు, ఆయన బతికున్న అన్నేళ్ళలో మరే పూటా అడగలేదు. ఆ బొమ్మ చూసొచ్చాక ఆయన తాడు జోలికి వెళ్ళలేదని, మబ్బు పడితే పట్టపగలే తలుపులు వేసేసి, దారిన పోయేవాళ్ళకి కనబడకుండా తన మణికట్టు రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చునేవారని అత్తయ్య గారు చాలా ఏళ్ళకి ఏదో మాటల్లో అంది. నేను రాసిందేమిటో ఆవిడకి తెలుసో లేదో నాకు తెలియదు. మద్రాసులో నాకు ఆ ట్రాక్ తప్ప మరేదీ అచ్చిరాలేదు, తిరిగొచ్చి గుడివాడలో నాన్నగారి కొట్లోనే కూర్చున్నాను.

ఇక బందరు హాలు సంగతి. తెర మీద నిర్మాత ఆవులించాడు. ఇక తాడు వస్తుందనుకున్నాను. తెర మీది నేను లేచి నిలబడి, అయ్యా, అన్నదమ్ముల సంగతి అలా ఉంచండి, ఈ చొక్కా సంగతి వినండి, అంటూ చొక్కా విప్పి వెనకవాడికి తొడిగి, తమ దరిద్రం మీద తామే జోకులు వేసుకుని నిర్మాతని నవ్వించాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. అంటే బావ తన కూతురికి మద్రాసు ముచ్చట్లన్నీ చెప్పాడు, ఆ ఒక్క రోజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను చెయ్యాల్సిన పని నా చేత చేయించి చెప్పాడు. రెండు కుర్చీల అవతల కూర్చున్న బావ వైపు చూశాను. అతను తెర వైపే చూస్తున్నాడు. సినిమా అయ్యాక నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పితే కప్పించుకుని, నాలుగు ఆశీస్సులు చెప్పి దిగిపోయాను. తాడు సంగతి అప్పుడూ చెప్పలేదు.

సినిమా మొదలుపెట్టకముందు ఆ అమ్మాయి గుడివాడ మా ఇంటికి మూడు సార్లు వచ్చింది. నాలాంటి పాత్ర ఒకటి ఉందని, రాసింది చదువుతానని, నాకు నచ్చనిది తీసేస్తానని కాగితాలు ముందు పెట్టింది. చొక్కా సీన్లు విని మురిసిపోయి, మిగతావి చదవక్కర్లేదమ్మా, నీ ఇష్టం, అని మహారాజులా కాఫీ ఇచ్చి పంపాను. ఇప్పటి పిల్లలకి పెద్దా చిన్నా లేదని మనం సణుగుతాం గాని, ఒక మనిషిని తెర మీద పెట్టే ముందు ఆ మనిషి గుమ్మం ముందు చెప్పులు విప్పి అడగాలని వాళ్ళకి తెలుసు. మాకు తెలియదు.

అందుకే దీన్ని అచ్చుకి ఇచ్చే ముందు బందరు వెళ్ళి బావకి చదివి వినిపించాను. అమ్మాయిని కూడా చదవనియ్యి, అన్నాడు బావ. నేను కాగితాలు మడుస్తుంటే మళ్ళీ అన్నాడు.

"చెల్లెలు అని ఊరుకున్నావేం? ఆరేళ్ళు దానికి. అది రాయి."

రాశాను. మన రోజుల్లో ఒకరి ఇల్లు ఒకరిదన్నట్టు ఉండేవాళ్ళమని, ఒకరి కష్టం ఒకరికి చెప్పకుండానే తెలిసేదని పిల్లల దగ్గర తెగ గొప్పలు పోతుంటాం, నేను మరీ ఎక్కువ పోతాను. ఆ ఇంట్లో తిన్నాను, పడుకున్నాను, వాళ్ళ తాడుతో అందరికంటే ముందు కట్టించుకున్నాను. పోయిన పిల్లకి ఎన్నేళ్ళని ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు.