ముందే నింపిన గళ్లు

గ్లవ్స్ విప్పాక చేతులకు అంటుకునే రబ్బరు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు సువార్తమ్మ సిస్టర్ గుర్తొస్తుంది. కొండాపూర్‌లోని ఒక చిన్న ప్రసూతి ఆస్పత్రిలో ఆవిడ లేబర్ రూమ్ నర్సు, నేను డ్యూటీ డాక్టర్‌ని. పీజీ ఎంట్రన్స్ రెండుసార్లు రాసినా గైనకాలజీ సీటు అందక, మూడోసారికి చదువుతున్న రోజులవి. పరీక్ష ఇంకా పదకొండు రోజులుంది. నిద్ర పట్టదు, తిన్నది వంటబట్టదు. అన్నం తింటూ కూడా ఫోన్‌లో మోడల్ ప్రశ్నలకు జవాబులు పెట్టేదాన్ని.

"ఎంతసేపు ఆ ఫోన్ల మొకం పెడ్తవ్ డాక్టరమ్మా? జర పేషెంటు మొకం గూడ చూడరాదు!" అని సిస్టర్ ఆటపట్టించేది. ఆవిడ మాత్రం కాన్పయిన తల్లి దగ్గర గంటసేపు స్టూలు వేసుకుని కూర్చునేది. ఒక చెయ్యి తల్లి పొట్టమీద, ఇంకో చేతిలో టీ గ్లాసు. గర్భసంచి గట్టిగా ఉంటే భయం లేదు, మెత్తబడితే రక్తం పోతుంది. పావుగంటకోసారి చేత్తో తడిమి చూసి చార్టులో రాయాలి, గంటకు నాలుగు గళ్లు.

ఆ మధ్యాహ్నం సిస్టర్ పక్క గదిలో మరో కాన్పు చూస్తోంది. బోరబండ నుంచి వచ్చిన లావణ్యకు అప్పుడే పాప పుట్టింది. మొదటిసారి తడిమి చూశాను, గట్టిగానే ఉంది. మిగతా మూడు గళ్లలోనూ అదే రాసేసి, సంతకాలు పెట్టేసి, ఫోన్ తీశాను. నా ముందున్న ప్రశ్న కూడా కాన్పు తర్వాతి రక్తస్రావం గురించే. సిగ్గుచేటు, జవాబు సరిగ్గానే పెట్టాను.

సిస్టర్ వస్తూనే, అలవాటు కొద్దీ లావణ్య పొట్టమీద చెయ్యేసింది. "ఏంది, గిట్ల మెత్తగైంది!" అంటూ దుప్పటి ఎత్తింది. కింద గుడ్డలన్నీ నెత్తురుతో తడిసిపోయాయి. మందుల పేర్లన్నీ వరసగా తెలుసు, ఒక్కటీ నోటికి రాలేదు.

"నిలబడ్డవేంది? చెయ్యెయ్యి! రుద్దు, ఆపకు!"

నేను పొట్ట రుద్దుతుంటే ఆవిడ ఇంజెక్షన్ చేసి, పెద్ద డాక్టర్ మేడమ్‌ను పిలిపించింది. రక్తం ఆగేసరికి నా చేతులు పడిపోయాయి. లావణ్య దక్కింది.

తర్వాత సిస్టర్ చార్టు చూసింది. ఇంకా కాని టైములకు కూడా నా సంతకాలున్నాయి. "మేడమ్‌కు చెప్పకండి సిస్టర్, మీకు దండం పెడతాను," అని ఏడ్చాను.

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె. గా గళ్లు కొట్టేసి, నిజం రాసి తీస్కపో."

వెళ్లి చెప్పాను. మేడమ్ చడామడా తిట్టారు, ఉద్యోగం మాత్రం తీసేయలేదు. ఆ ఏడే సీటు కూడా వచ్చింది.

అయితే, లావణ్యను ఇంటికి పంపే రోజు వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నా బిడ్డను నువ్వే బతికించినవమ్మా," అంది. సిస్టర్ పక్కనే ఉంది, పాపకు టోపీ పెడుతోంది. నేను కాదమ్మా, ఈ సిస్టర్ అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టి వాళ్లమ్మ చేతికిచ్చాను.

ఇప్పుడు ఏ తల్లి నాకు దండం పెట్టబోయినా ముందు పక్కనున్న నర్సు పేరు చెబుతాను. చెప్పాల్సిన ఒక్క పేరు మాత్రం, చెప్పాల్సిన రోజు చెప్పలేదు.