రెండు వరసల్లో మా ఆవిడ

రిటైరయ్యాక రాజమండ్రిలో కంప్యూటర్ నేర్చుకుని, వంశవృక్షం ఫైలు చదివి తరాల వారీగా చెట్టు గీసే ప్రోగ్రాం నేనొక్కణ్ణే రాశాను. ఒక్కణ్ణే అంటే, సగం మా కంప్యూటర్ మేష్టారు రాశారు లెండి.

అది మా ఆవిడ పేరు దగ్గరికొచ్చి ఆగిపోయేది. ఆవిడ మా అక్క కూతురు. భార్యగా నా వరసలో ఉండాలి, మేనకోడలిగా కింది వరసలో ఉండాలి. ఒక మనిషికి ఒకటే చోటని ప్రోగ్రాంలో నియమం.

"అక్కగారి కింద పేరు తీసేయండి సార్, గొడవుండదు," అన్నారు మేష్టారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మొహం ఎర్రబడింది. "నన్ను మా అమ్మకి కాకుండా చేస్తారా? అంత ఇరుకైతే మీ పక్కన తీసేయమనండి మావయ్యా!"

మర్నాడు మేష్టారితో తేల్చి చెప్పాను. "ఎక్కడా తీసేది లేదండి. మన గోదావరి జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్ని లేవు! మారాల్సింది మీ నియమం, మా ఇల్లు కాదు."

ఆ నియమాన్ని ఒక్క దెబ్బతో ఎగరగొట్టాను. నిజానికి నెల పట్టింది, మధ్యలో ఫైలే పోగొట్టాను. చివరికి అచ్చయిన కాగితంలో మా ఆవిడ రెండు చోట్లా ఉంది, మధ్యన ఓ చుక్కల గీతతో.

ఆవిడ ముందు వాళ్లమ్మ కింద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత నా పక్కన చూసి, "సరే, ఇక్కడ కూడా ఉంటాలెండి," అంది.