నెత్తళ్ళకు దండాలు

ఈ మధ్య మా రాతిముక్కు గుడికి వచ్చేవాళ్ళు ముందు సముద్రానికి వీపు పెట్టి ఫోటో దిగుతారు. తరవాత బుద్ధుడికి దండం పెడతారు. ఆ తరవాత మెట్ల మీద నా దుకాణం ముందు ఆగి, "ఇక్కడ తినడానికి ఏం బాగుంటుంది, అవ్వా?" అని అడుగుతారు. ఎండు సముద్రపు నాచు అమ్ముకునేదాన్ని కాబట్టి నాచే బాగుంటుందని చెబుతాను. కానీ ప్రతిసారీ నోటిదాకా వచ్చే మాట వేరే ఉంది. మీరు చాలా ఆలస్యంగా వచ్చారు, నామ్హే అక్క చేతి నూడుల్స్ చారు తాగనివాళ్ళకి ఈ గుడి సగమే తెలిసినట్టు, అని చెప్పాలనిపిస్తుంది.

ఆవిడ అసలు పేరు ప్యో బున్నం. గుర్తింపు కార్డు మీద తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. ఆడమనిషిని పుట్టింటి ఊరి పేరుతో పిలవడం మా వాళ్ళ అలవాటు. నామ్హే దీవిలో పుట్టింది కాబట్టి ఊరందరికీ నామ్హే ఆవిడ, నాకు నామ్హే అక్క. ఆ దీవి వాళ్ళకి నెత్తళ్ళే, వేలెడంత ఉండే ఆ చిన్న చేపలే, పంట. ఆవిడ భర్త నెత్తళ్ళ పడవ మీద కూలి. ఒక చలికాలం పడవ తిరగబడి నలుగురు పోయారు, అందులో ఆయనొకడు. ఆయన మేనత్త మా ఊళ్ళో ఉండేది. నలభై తొమ్మిది రోజుల కర్మ మా గుడిలో జరిపిద్దామని ఈవిడను వెంటబెట్టుకొచ్చింది.

కర్మ అయింది. యాభయ్యో రోజున ఊరికి వెళ్ళాల్సిన మనిషి తిన్నగా నేను పనిచేసే గుడి వంటింట్లోకి వచ్చి, నా చేతిలో కత్తి లాక్కుని ముల్లంగి తరగడం మొదలుపెట్టింది. అప్పుడు ఆవిడకి ముప్ఫై ఎనిమిది, నాకు ఇరవై మూడు. నా తరుగుడు చూసి ఓర్చుకోలేకపోయిందట.

"ఇవి ముక్కలా, తలగడలా? వెళ్ళు, నీళ్ళు తోడు," అంది.

వెళ్ళమని ఎవరూ అనలేదు, ఆవిడా వెళ్ళలేదు. వెనక్కి వెళ్ళడానికి ఆవిడకి ఇల్లంటూ లేదన్న సంగతి నాకు తరవాత తెలిసింది. పడవ యజమాని ఇచ్చిన గది, మొగుడితోపాటే అదీ పోయింది. వంటింటి వెనక జాడీల పక్కన చిన్న గది ఇచ్చారు. రోజూ తెల్లవారుజామున బుద్ధుడి ముందు మోకాళ్ళూ మోచేతులూ నుదురూ నేలకి తగిలేలా నూట ఎనిమిది దండాలు పెట్టేది. అన్నీ మొగుడి కోసమే.

"చలికి వణుక్కుంటూ పోయాడే ఆయన. ఈసారి వెచ్చటి చోట పుట్టాలి. నేను ఇక్కడ ఉన్నది అందుకే. నీకు ముల్లంగి తరగడం నేర్పడానికి కాదు," అనేది.

ఇక మా గుడి వంట సంగతి. మాంసం లేదు, చేప లేదు, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. నూడుల్స్ చారంటే నాచూ ఎండు పుట్టగొడుగులూ ముల్లంగీ వేసి కాచిన నీళ్ళు. పుట్టిన నాటి నుంచి నెత్తళ్ళు లేని చారు ఎరగని చెయ్యి ఆవిడది. వంట మధ్యలో అలవాటుగా అలమర దాకా పోయి ఖాళీగా తిరిగొచ్చేది. పాడ్యమికీ పున్నమికీ బస్సుల్లో వచ్చే ఆడవాళ్ళు, వాళ్ళని మేం బోసల్‌లు అంటాం, ఒక గుటక తాగి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు.

ఆ ఏడు అధికమాసం వచ్చింది. అధికమాసంలో ఒకే రోజు మూడు గుళ్ళు తిరిగితే పాపాలు పోతాయని మా వాళ్ళ నమ్మకం. మూడోది మాదే. అంటే మా దగ్గరికి వచ్చేసరికి అందరూ నీరసంగా, ఆకలిగా, చిరాగ్గా ఉంటారు. ఒకరోజు రెండు బస్సులు వస్తాయన్నచోట నాలుగు వచ్చాయి. పైన వాన. మెట్ల మీద ముసలమ్మలు తడిసి ముద్దై ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని దిగుతున్నారు. వంటింట్లో నాచు నిండుకుంది. గుండిగలో ఉన్నవి నీళ్ళే.

అక్క గుండిగలోకి చూసింది, గుమ్మంలోంచి ఆ ముసలమ్మల్ని చూసింది. తన గదిలోకి వెళ్ళి ఒక గోనెసంచీ పట్టుకొచ్చింది. మూతి విప్పగానే వాసన గుప్పుమంది.

"ఏవిటక్కా అది?"

"మా ఆయన ఆఖరి వేట. పడవ మునిగే ముందురోజు ఎండేసినవి. యజమాని నా వాటా అని చేతిలో పెట్టాడు. తినలేక, పారెయ్యలేక వెంట తెచ్చుకున్నా."

"చేపలు కదక్కా?"

"చేపలని నాకు తెలీదూ? పొద్దున్నించీ తడుస్తూ వచ్చిన వాళ్ళకి వేణ్ణీళ్ళు పోసి పంపమంటావా?"

"పెద్ద స్వామికి తెలిస్తే?"

"తెలిస్తే పొమ్మంటారు. ఎక్కడికి పోతానో తెలీదు గానీ, పోతాను. నువ్వు మాత్రం నోరు కుట్టేసుకో."

గుడ్డలో మూటగట్టి గుండిగలో దించింది. మరిగాక మూట తీసేసి జాడీల వెనక పాతిపెట్టింది. ఆ రోజు నాలుగు బస్సుల వాళ్ళూ గిన్నె అడుగు నాకారు. వంటింట్లోకి తొంగిచూడని పెద్ద స్వామి రెండో గిన్నె అడిగి పంపించారు. నేను తేలు కుట్టిన దొంగలా పొయ్యి దగ్గరే కూర్చున్నాను.

ఒక్కసారికే అనుకుంది పాపం. కానీ తరవాతి పున్నమికి బస్సు దిగుతూనే "నామ్హే ఆవిడ చారు ఉందా?" అని అడిగారు. ఆ పై పాడ్యమికీ అదే మాట. లేదని చెప్పే ధైర్యం ఆవిడకి చాల్లేదు. సంచీ అయిపోయాక నామ్హేలో ఉన్న మరిదికి కబురు పెడితే, చిలగడదుంపల మూటల అడుగున పెట్టి ఇంకో సంచీ పంపించాడు. అలా పదకొండేళ్ళు నడిచింది. గుడికి పేరొచ్చింది, మెట్లకు సిమెంటు వచ్చింది, దేగు, బుసాన్ లాంటి పెద్ద పట్నాల నుంచి జనం వచ్చారు. ఆవిడ మాత్రం ఆ వాన రోజు తరవాత బుద్ధుడి ముందు ఒక్క దండం పెట్టలేదు.

"గుళ్ళో స్వాములకి చేప తినిపిస్తున్న చేతులే ఇవి. వీటితో దండం పెట్టి మా ఆయనకి మంచి చెయ్యమని ఏ మొహంతో అడగనే?" అంది ఒకసారి. దేనికోసం గుళ్ళో ఉండిపోయిందో అదే చెయ్యలేకపోయింది. నాకు జాలేసేది, కోపమూ వచ్చేది. మానెయ్యి అంటే మానేది కాదు, చెప్పెయ్యి అంటే చెప్పేది కాదు.

చివరికి ఆవిడ నోరు విప్పించింది ఒక ముసలి సన్యాసిని. ఎక్కడో కొండల్లోని ఆశ్రమం నుంచి వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి, నడుం వంగిపోయింది. పెద్ద స్వామి పక్కన కూర్చుని చారంతా తాగి, వంటమనిషిని పిలవమంది. అక్క తడి చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది, వెనకాలే నేనూ వెళ్ళాను.

"అరవై ఏళ్ళుగా గుళ్ళలో తింటున్నానమ్మా, ఇంత స్వచ్ఛమైన చారు తాగలేదు," అంటూ ఆవిడ లేచి, వద్దు వద్దంటున్నా వినకుండా, మా అక్క కాళ్ళ ముందు మోకాళ్ళ మీదికి దిగి నుదురు నేలకానించింది.

అక్క ఆ దండం భరించలేకపోయింది. గబుక్కున తానూ కూలబడి, "నెత్తళ్ళు తల్లీ, అందులో నెత్తళ్ళున్నాయి. పదకొండేళ్ళుగా వేస్తున్నా," అనేసింది.

సన్యాసిని కళ్ళు మూసుకుంది. పెద్ద స్వామి తన ఖాళీ గిన్నెలోకి చూసుకున్నారు. అక్క తన మూట సర్దుకోవడానికి లేవబోయింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు ఆయన.

"పొమ్మంటారు కదా స్వామీ."

"పొమ్మంటే నీకు సులువే. మరి ఆ చేపల మాటేమిటి? ఒక్కో దానికీ ఒక్కో దండం. హడావిడిగా కాదు, ఆ చేపని తలుచుకుని పెట్టాలి. అవి అయ్యేదాకా నువ్వు ఈ గుడి గడప దాటడానికి వీల్లేదు." గిన్నె పక్కకి జరిపి, "వంటిల్లు కూడా నీదే. ఇక మీదట చప్పగానే తింటాం," అన్నారు.

శిక్ష వేసి ఇల్లు రాసిచ్చిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

సరాసరి మూటకి ఎన్ని పడతాయో నేనూ అక్కా కూర్చుని లెక్కేశాం. మొత్తం లక్షా ముప్ఫై వేల పైన తేలింది. నాకు కళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం మర్నాడే మొదలుపెట్టింది. రోజుకి ముప్ఫై. నెమ్మదిగా కిందికి దిగి, నుదురు ఆనించి, పెదాలు కదిపి, లేచేది.

"ఏం చెబుతావక్కా వాటికి?"

"ఏముంది, ముందు నీళ్ళలో ఎలా ఉండేదో తలుచుకుంటా. తరవాత, నిన్ను తిన్నవాళ్ళు నీ రుచి మెచ్చుకున్నారే అని చెబుతా."

"మరి బావకి?"

"ఇవి అవ్వనీ. చేపల ముందు తలెత్తుకోకుండా ఆయన కోసం ఏం అడగను?"

చలిలో పెట్టింది, జ్వరంలో పెట్టింది. చారు చప్పబడింది, బస్సులు తగ్గాయి. "నామ్హే ఆవిడ చేతి రుచి పోయింది, వయసు మీద పడింది కదా," అని వచ్చినవాళ్ళు ఆవిడ వినేట్టే అనేవాళ్ళు. ఆవిడ గరిటె తిప్పుకుంటూ ఊరుకునేది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది, నేనూ నోరు మూసుకున్నాను. పెద్ద స్వామి ఐదో ఏట పోయారు. కొత్తగా వచ్చిన స్వామి, "ఇక చాలమ్మా, వదిలెయ్యి," అంటే, "నేను మాటిచ్చింది మీకు కాదు," అంది.

పదకొండో ఏట మోకాళ్ళు పోయాయి. ఒక పొద్దున్న కిందికి దిగిన మనిషి లేవలేకపోయింది. నేనూ ఇంకో ఇద్దరూ మోసుకొచ్చి గదిలో పడుకోబెట్టాం. ఆసుపత్రిలో ఇక వంగకూడదన్నారు. అప్పటికి ఇంకా పద్నాలుగు వేలు మిగిలాయి. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. మొగుడు పోయినప్పుడు నేను చూళ్ళేదు గానీ, అప్పుడు కూడా అలాగే పడుకుని ఉంటుందనిపించింది.

"ఇంతేనే. ఆయన్ని చేరుకోలేను ఇక," అంది.

ఆ ఏడు మళ్ళీ అధికమాసం. దేగు నుంచి మూడు బస్సులొచ్చాయి. చారు నేనే కాచాను. ముందు బస్సు వాళ్ళకి పెద్ద, కూ బోసల్ అనే బట్టల కొట్టావిడ, గొంతు పెద్దది. ఒక గుటక మింగి గిన్నె కింద పెట్టింది.

"ఒకప్పుడు ఈ చారు కోసమే కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాళ్ళం. ఆ నామ్హే ఆవిడకి బద్ధకం పట్టిందేవిటి, వంటింట్లోకి కూడా రావట్లేదా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఒట్టూ లేదు గట్టూ లేదు, వాన రోజు నుంచి మోకాళ్ళ దాకా మొత్తం అందరి ముందూ కక్కేశాను. మీరు లొట్టలేసుకుంటూ తాగినవే అవి, వాటి కోసమే ఆ మనిషి మూలబడింది, అన్నాను. వింటున్నది నూట ముప్ఫై మంది ఆడవాళ్ళు. గుడిలో చేప తిన్నామని తెలిసిన బోసల్‌లు నన్ను మెట్ల మీంచి తోసినా తోస్తారనుకున్నాను.

కూ బోసల్ మొహం ఎర్రగా కందిపోయింది. "పదకొండేళ్ళు మేం తిన్నామా?" అంది.

"తిన్నారు."

"దండాలు ఆవిడొక్కతే పెడుతోందా?"

"ఆవిడొక్కతే."

కూ బోసల్ లేచి చెప్పులు విడిచింది. "ఇంకెన్ని ఉన్నాయి? పద్నాలుగు వేలా? మనిషికి నూట ఎనిమిది వేసుకోండే. తిన్నవాళ్ళందరూ రండి. తిననివాళ్ళు పోయి బస్సులో కూర్చోండి."

బస్సు వైపు ఒక్కరూ పోలేదు. మొదటిసారి వచ్చిన ఒక చిన్నామె ఉంది. నువ్వెందుకంటే, "మా అత్తగారు ప్రతి ఏడూ వచ్చి తిన్నారట. ఇప్పుడు ఆవిడ లేరు. ఆవిడవి నేను పెడతా," అంది. గుడిలో చోటు చాల్లేదు. వాకిట్లో, మెట్ల మీద, కింద తడి రాళ్ళ మీద తువ్వాళ్ళు పరుచుకున్నారు. మోకాళ్ళు వంగని ముసలమ్మలు కూర్చునే తల వంచారు. అలల చప్పుడులో వాళ్ళ రొప్పులు కలిసిపోయాయి.

సందడికి అక్క కర్ర పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది. సంగతి అర్థమయ్యేసరికి మండిపడింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే. పరువంతా తీశావు," అంది నన్ను. ఇంకా ఏదో అనబోయి, ఎదురుగా కూ బోసల్ అంత లావు మనిషి ఆపసోపాలు పడుతూ లేవడం చూసి ఆగిపోయింది. గుమ్మంలోనే కూలబడి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. సాయంత్రం బస్సులు కదిలేసరికి అన్నీ అయిపోయాయి.

మర్నాడు తెల్లవారుజామున గదిలో అక్క లేదు. కంగారుగా వెతికితే బుద్ధుడి ముందు కనపడింది. కర్ర పక్కన పెట్టేసి, గోడ పట్టుకుని, పళ్ళు బిగించి కిందికి దిగుతోంది. నుదురు నేలకానడానికి ఎంతసేపు పట్టిందో, లేవడానికి అంతకి రెట్టింపు పట్టింది. పట్టుకోబోతే చెయ్యి విదిలించేసింది.

"నిన్ననే అన్నీ అయిపోయాయి కదక్కా. ఇంకా ఎందుకు?" అన్నాను.

"ఇది నెత్తళ్ళకి కాదే," అంది ఆయాసపడుతూ. "మా ఆయనకి. ఇరవై రెండేళ్ళు ఎదురు చూశాడు పాపం, ఇవాళ్టికి ఆయన వంతొచ్చింది."