సోమవారం దగ్గరే ఆగిపోయిన పెట్టె

కరోనా తగ్గిన రెండో ఏడాది సంగతి ఇది. అప్పటికి పలాసలో నేను రిపేరు షాపు పెట్టి ఎనిమిదేళ్ళయింది. టెక్కలిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఆడపిల్ల సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే షాపుకి ఎవరొస్తారని మా ఇంట్లోవాళ్ళే అన్నారు. వచ్చారు. జీడిపప్పు ఫ్యాక్టరీల సీసీ కెమెరాలు, కాటాలు, ఇన్వర్టర్లు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఫ్యాక్టరీలో తగాదా వస్తే ముందు నన్నే పిలిచేవారు. ఎదుటి మనిషి ఎంత ఒట్టేసినా నేను స్క్రీన్ తిప్పి చూపించేదాన్ని. మనిషి మాట మారుతుంది గానీ రికార్డు మాట మారదని నాకో గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే పేరు తెచ్చుకున్నాను, దానితోనే ఒక ఇంటిని ముక్కలు చేశాను.

సోంపేట నుంచి సముద్రం వైపు వెళ్తే ఒక మత్స్యకారుల పల్లె ఉంది. పేరు రాయను. ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఆ ఊరి తుఫాను షెల్టర్ గోడకి ఒక పెట్టె బిగించమని నన్ను అడిగారు. లోపల సింగిల్ బోర్డ్ కంప్యూటర్. అంటే అరచేతిలో ఇమిడిపోయే కంప్యూటర్, ఫోన్లో వేసే మెమరీ కార్డు మీదే లినక్స్ నడుస్తుంది. సిమ్ ద్వారా వాతావరణ కబురు తెచ్చుకుంటుంది. తెప్ప దించే ముందు ఎవరైనా పెట్టె మీద బటన్ నొక్కితే స్పీకర్లో చెబుతుంది, వేటకి వెళ్ళవచ్చా, కూడదా అని.

మొదట కంప్యూటర్ గొంతే పెట్టాను. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. కారయ్య అని నలభై ఏళ్ళ మనిషి, అలల హోరు మీద కూడా వినిపించే గొంతు. "అదెవులో టీవీలో మనిసి లాగున్నాది సెల్లెమ్మా. దానికి సముద్రం తెలుసేటి? మాకు తెలిసినోడు సెప్తే ఇంటాం" అన్నాడు.

"అయితే నువ్వే సెప్పన్నా" అన్నాను.

షెల్టర్ మెట్ల మీద కూర్చోబెట్టి మూడు మాటలు రికార్డు చేశాను. 'సముద్రం బాగున్నాది, ఎళ్ళొచ్చు.' 'ఎళ్ళొద్దు, తెప్పలు పైకి లాగండి.' 'నాకు కబురు అందలేదు, పెద్దోళ్ళని అడగండి.' అతని భార్య పోలమ్మ పక్కనే నిలబడి, "ఇంట్లో ఏటడిగినా పలకడు. పెట్టిలో మాత్రం మా బాగా మాటాడతన్నాడు" అని దెప్పింది. ఆమె తమ్ముడు దానయ్య పగలబడి నవ్వాడు. బావా బావమరుదులిద్దరిదీ ఒకే తెప్ప.

మూడో మాట నా తెలివి. వాతావరణ కబురు వచ్చి పన్నెండు గంటలు దాటితే అది పాతబడినట్టు లెక్క, అప్పుడు పెట్టె 'నాకు కబురు అందలేదు' అనాలి. అలాగే రాశాను, పరీక్షించాను, పనిచేసింది. అప్పట్నుంచి ఊళ్ళో దాన్ని కారయ్య పెట్టి అనేవారు.

ఒకటి మాత్రం వదిలేశాను. మామూలు కంప్యూటర్లో గడియారానికి వేరే చిన్న బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా టైము నడుస్తూనే ఉంటుంది. దాన్ని రియల్ టైమ్ క్లాక్ అంటారు. ఈ చిన్న బోర్డుల్లో చాలావాటికి అది ఉండదు. నెట్ అందగానే సరైన టైము తెచ్చుకుంటాయి. నెట్ లేకపోతే కరెంటు పోకముందు కార్డు మీద రాసుకున్న చివరి టైము నుంచే మళ్ళీ లెక్క మొదలెడతాయి. ఇది నాకు తెలియని విషయం కాదు. ఆ బ్యాటరీ ముక్క విడిగా తెప్పించి పెట్టాలి. నెట్ ఎలాగూ ఉంటుందిలే, తర్వాత చూద్దాం అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను.

దీపావళి దాటిన వారంలో, ఒక సోమవారం సాయంత్రం ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పెట్టెని నడిపే బ్యాకప్ బ్యాటరీ కాసేపు మోసి ఏడు లోపే చేతులెత్తేసింది. సెల్ టవరూ పడుకుంది. మంగళవారం గాలి మారింది, వేటకి వెళ్ళవద్దన్న కబురు మిగతా ఊళ్ళకి చేరింది గానీ ఈ ఊరికి చేరలేదు. బుధవారం తెల్లారేసరికి కారయ్య, దానయ్య తెప్ప దించారు. ఇంకెవరూ దించలేదు. ఫోన్లు పలకని రోజు తెప్ప కదపకూడదని కులపెద్ద తోటయ్య తాత మాట. పొద్దెక్కేసరికి తెప్ప తిరగబడింది. దానయ్య ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ఎలాగో ఒడ్డున పడ్డాడు. కారయ్యని రెండు రోజుల తర్వాత సముద్రమే తెచ్చి పడేసింది.

ఆరో రోజున తోటయ్య తాత ఫోన్ చేశాడు. "ఒక్కసారి రామ్మా. పెట్టి ఏటి సెప్పిందో సూసి సెప్పాల. ఊరు రెండుగా సీలిపోతన్నాది."

వెళ్ళాను. షెల్టర్ అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. పోలమ్మ గోడకి ఆనుకుని కింద కూర్చుంది, ముఖానికి కొంగు అడ్డం. దానయ్య ఎండలో నిలబడి ఉన్నాడు. రాళ్ళకి కొట్టుకున్న మోచేతులకి గుడ్డలు కట్టి ఉన్నాయి. ఊరి మాట ఏమిటంటే, దానయ్యకి తొందరెక్కువ, రెండు రోజులుగా వల తడవలేదని బావని బలవంతంగా లాక్కెళ్ళాడని. దానయ్య మాట వేరు.

"మా బావే నొక్కినాడు. రెండు మాట్లు నొక్కినాడు. ఎళ్ళొచ్చు అన్నాది పెట్టి. నా గొంతే ఎళ్ళమంటన్నాది, ఇంకెవులి మాట ఇనాల అని నవ్వినాడు. నేనిన్నాను" అన్నాడు.

పోలమ్మ అప్పుడు తలెత్తింది. తమ్ముడి వైపు కాదు, నా వైపు చూసింది. "నాకొక్కటే తెలాలమ్మా. ఈడు నిజం సెప్తన్నాడా లేదా."

పెట్టె విప్పి కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. లినక్స్ తాను చేసిన ప్రతి పనినీ తేదీతో, టైముతో ఒక్కో వరుసగా రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. వేల వరుసలుంటాయి కాబట్టి ఎవరూ మొత్తం చదవరు, కావలసిన తేదీ ఇచ్చి వెతుకుతారు. బుధవారం తేదీ కొట్టాను. మొదటి వరుస పొద్దున్న పదింటిది. నెట్ వచ్చినట్టు, కొత్త కబురు దిగినట్టు ఉంది. దాని ముందు ఏమీ లేదు. సరే, కరెంటు పదింటికి వచ్చి ఉంటుంది, అప్పటిదాకా పెట్టె చచ్చి పడుంది అనుకున్నాను. కరెంటు ఎప్పుడొచ్చిందని అక్కడున్న ఒక్క మనిషిని అడిగినా సరిపోయేది. అడగలేదు.

"బుధవారం పదింటికి ముందు ఈ పెట్టిని ఎవరూ నొక్కలేదు తాతా" అన్నాను.

"కరట్టుగా సూసినావా?"

"మనిషి మర్చిపోతాడు గానీ లాగ్ మర్చిపోదు తాతా." షాపులో వందసార్లు అన్న మాట, అదే ఊపులో అనేశాను.

దానయ్య నన్నే చూస్తూ, "ఐతే నా సెవులే అబద్దమాడినాయేటమ్మా?" అన్నాడు. గొంతు పెంచలేదు. నేను వైర్లు చుట్టుకుంటున్నాను. కార్డు నకలు ల్యాప్‌టాప్‌లో దాచుకుని, పెట్టె మళ్ళీ బిగించి, రెండు గంటల బస్సుకి వచ్చేశాను. పని శుభ్రంగా చేశానన్న తృప్తి కూడా ఉందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

నెల దాటింది. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళాను. పప్పు ఆరబెట్టే వేడి గదిని బోర్మా అంటారు, దాని వేడి చూపించడానికి ఇలాంటి బోర్డే నేను పెట్టాను. ముందురోజు కరెంటు పోయింది, నెట్ ఇంకా రాలేదు. సూపర్‌వైజరు విసుక్కుంటూ, "మేడమ్, మీ మిషను నిద్దర లేచినాది గానీ ఇంకా నిన్నటి తారీకే అంటన్నాది" అన్నాడు.

స్క్రీన్ వైపు చూశాను. బోర్మా సెగ ముఖానికి కొడుతున్నా ఒళ్ళు చల్లబడింది. ఏం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు. షాపుకొచ్చి షట్టరు సగం దించి కారయ్య పెట్టె లాగ్ తెరిచాను. ఈసారి తేదీ వెతకలేదు. సోమవారం పొద్దున్న నుంచి ఒక్కో వరుసా చదువుకుంటూ వచ్చాను.

సోమవారం సాయంత్రం నాలుగుకి కబురు దిగింది, వెళ్ళవచ్చని. ఆరూ పదిహేడుకి టైము కార్డు మీద రాసుకుంది. ఆ తర్వాత కాసేపటికి పెట్టె ఆగిపోయింది. కింది వరుసలో మళ్ళీ లేచింది, టైము ఆరూ పదిహేడే. అక్కడి నుంచి ఏడు, ఎనిమిది, తొమ్మిది అని సోమవారం రాత్రంతా నడుచుకుంటూ పోయింది. పదకొండూ పంతొమ్మిదికి బటన్ నొక్కారు, 'ఎళ్ళొచ్చు' పలికింది. పదకొండూ ఇరవైకి ఇంకోసారి నొక్కారు, మళ్ళీ అదే పలికింది. ఇంకా కిందకి వెళ్తే ఒక్క వరుసలో సోమవారం నుంచి బుధవారం పదింటికి గెంతింది. అప్పుడు టవర్ లేచింది, నెట్ వచ్చింది, టైము సరయింది.

సోమవారం రాత్రి ఆ ఊళ్ళో కరెంటే లేదు. ఆ పెట్టె బతికి లేదు. తోటయ్య తాతకి ఫోన్ చేసి, కరెంటు మళ్ళీ ఎప్పుడొచ్చిందని అడిగాను. "మంగళారం రాత్రి, పదకొండు కావొత్తంది. ఊరంతా పడుకున్నాక ఇచ్చినారు, నేను మెలకువే ఉన్నాను" అన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. మంగళవారం పదకొండుకి లేచిన పెట్టె తనకి సోమవారం సాయంత్రం ఆరే అనుకుంది. అయిదు గంటలు నడిచేసరికి బయట బుధవారం తెల్లవారుజాము నాలుగు, తెప్ప దించే వేళ. లోపల ఇంకా సోమవారం పదకొండు. ముప్పై ఆరు గంటల కిందటి కబురు దాని లెక్కలో ఏడు గంటలది, తాజాదే. 'నాకు కబురు అందలేదు' అన్న మాట కార్డులో ఉంది. పలకాల్సిన ఒక్కరోజున పలకలేదు.

రెండు మాట్లు నొక్కాడని దానయ్య చెప్పాడు. లాగ్‌లో రెండే ఉన్నాయి, నిమిషం తేడాలో.

మర్నాడు సోంపేట బస్సెక్కాను. దానయ్య ఇంటికి తాళం. తోటయ్య తాత అరుగు మీద వల కుట్టుకుంటున్నాడు. అంతా విని సూది పక్కన పెట్టాడు. "ఆడు గుజరాత్ ఎలిపోనాడమ్మా, వేరావల్ బోట్ల మీద పనికి. ఈడ ఆడి తోటి తెప్పెక్కడానికి ఎవులూ రాలేదు మరి."

పదో రోజు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. మగడు పోయిన ఆడమనిషికి పదో రోజున పుట్టింటివాళ్ళు చీర తెస్తారు. అన్నో తమ్ముడో తెచ్చి కప్పాలి. నీకు మేమున్నాం అని చెప్పడమది. దానయ్య చీర తెచ్చాడట. అందరి ముందూ పోలమ్మ, "నా మొగుణ్ణి ముంచీసి, పోనోడి గొంతు మీద అబద్దం పెట్టినాడు. ఈడి సేతి సీర నాకొద్దు" అని ముఖం తిప్పుకుందట. అతను చీర చంకలో పెట్టుకుని ఊరి మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయాడట.

తాతని వెంటబెట్టుకుని పోలమ్మ ఇంటికి వెళ్ళాను. కొబ్బరాకు అల్లుతోంది. దాచకుండా చెప్పాను. గడియారం బ్యాటరీ పెట్టనిది నేను. పెట్టె తప్పు చెప్పింది. తర్వాత నేనూ తప్పు చెప్పాను. నీ తమ్ముడు చెప్పినది అక్షరాలా నిజం. ఏడవకూడదనుకున్నాను గానీ ఆగలేదు. ఆమె ఏడవలేదు. ఆకు అల్లడం మాత్రం ఆపింది.

"ఐతే మా ఆయన నిజంగానే ఇన్నాడు, ఎళ్ళమనీసి."

"విన్నాడక్కా."

"దానిగాడు నిజమే సెప్పినాడు."

"నిజమే చెప్పాడు."

సగం అల్లిన ఆకుని పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "నీ పెట్టిలో రోజులు ఎనక్కెళ్ళిపోనాయి అన్నావు గదమ్మా. మరి మా పదోరోజుని కూడా అలగే ఎనక్కి తేగలవేటి? నా తమ్ముడు సీరట్టుకుని గుమ్మంలో నిలబడుంటాడు. ఈపాలి తీసుకుంటాను."

తోటయ్య తాత కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ చిన్నప్పట్నుంచీ అంటూనే ఉంది. నా నోరు ఎప్పుడూ జారదనుకునేదాన్ని, మాట్లాడేది రికార్డే కదా అని.

దానయ్యకి వారం రోజులు ప్రయత్నిస్తే ఫోన్ దొరికింది. అంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. "మా అక్కకి సెప్పినావా?" అని ఒక్కటే అడిగాడు. చెప్పానన్నాను. "సాలు" అన్నాడు. వస్తావా అంటే సీజను అయ్యాక చూస్తానన్నాడు. అది అయ్యాక ఇంకో సీజనూ అయింది, రాలేదు.

పెట్టెకి గడియారం బ్యాటరీ పెట్టాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. పెద్దల్ని అడిగి 'ఎళ్ళొచ్చు' అన్న మాటే తీసేశాను. ఇప్పుడది వెళ్ళొద్దనో, తెలియదనో మాత్రమే అంటుంది. అదీ కారయ్య గొంతు కాదు. వెళ్ళమని చెప్పే పని మనుషులదే.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అడిగితే ఇదే చెబుతాను. ఏ యంత్రం రాసిన రాత చదివినా ముందు దాని గడియారం ఎవరు సరిచేశారో చూడండి. తేదీ ఇచ్చి వెతక్కండి, మొదటి వరుస నుంచి చదవండి. అంతకన్నా ముందు, ఎదురుగా నిలబడ్డ మనిషి చెప్పేది చివరిదాకా వినండి. రెండు మాట్లు నొక్కినాడు అని దానయ్య ఆ రోజు ఎండలో నిలబడి చెప్పాడు. నేను స్క్రీన్ చూసుకుంటున్నాను.